నాన్న కారు లారీ ఎక్కింది

ఇష్టపడి కొనుక్కున్న కారు కావచ్చు, ఇంటి పెద్దల గుర్తుగా మిగిలిన కారు కావచ్చు. ఊరు మారాల్సి వచ్చినప్పుడు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? తక్కువ రేటు చెప్పినవాడికా, ఇంటర్నెట్లో ముందు కనిపించినవాడికా? ఒకసారి మోసపోయి, రెండోసారి నెగ్గుకొచ్చిన అనుభవంతో చెబుతున్న మాటలివి.

తెల్లవారుజామున అయిదింటికి రాజమండ్రి దానవాయిపేట సందులో అంబాసిడర్ స్టార్టయిన చప్పుడికి ఎదురింటి మామ్మగారు తలుపు తీసుకుని బయటికొచ్చారు.

‘‘ఎక్కడికిరా, పొద్దున్నే?’’

‘‘కారు పుణె వెళ్తోందండీ మామ్మగారూ, అన్నయ్య దగ్గరికి.’’

‘‘అంత దూరం నువ్వే తోలుకెళ్తావా?’’

‘‘లేదండీ, లారీ మీద పంపిస్తున్నాను.’’

ఆవిడ నా వైపోసారి, కారు వైపోసారి చూశారు. ‘‘మీ నాన్న ఈ కారుని కడగడానికి కూడా ఇంకొకళ్లకి ఇచ్చేవాడు కాదు’’ అనేసి లోపలికెళ్లిపోయారు.

ఆవిడ అన్నది నిజం. 1988లో నాన్న కొన్న అంబాసిడర్ మార్క్ 4 అది. మీగడ రంగు. తలుపు కాస్త గట్టిగా వేశామంటే ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం వినాల్సిందే. ఆయన పోయాక రెండేళ్లు షెడ్డులో కవరు కింద ఉండిపోయింది. ‘‘నేను చూసుకుంటాను, పంపించెయ్’’ అన్నాడు అన్నయ్య. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీని హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో ఆపేసింది. దారిలో దీనికేమైనా అయితే షోరూముకెళ్లి ఇంకోటి తెచ్చుకునే వీల్లేదు.

రాజమండ్రి నుంచి విజయవాడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్నుంచి హైదరాబాద్ మీదుగా పుణె దాకా 65వ నంబరు. మొత్తం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులున్న, నలభయ్యో పడికి దగ్గరపడ్డ కారుని ఆ లారీల మధ్య తోలుకెళ్తే చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, మధ్యలో ఆగిపోతే సూర్యాపేట దగ్గర దాని స్పేరు పార్టు ఎవరిస్తారు? కాబట్టి లారీ తప్పదు. ఎవరి లారీ అన్నదే తేలాలి.

చెయ్యి కాలిన కథ

ఎవరి లారీ అన్నదానికి తొందరపడి జవాబు చెప్పుకోకపోవడానికి కారణం ఉంది. 2021లో ఉద్యోగం మారి గురుగ్రామ్ నుంచి హైదరాబాద్ వచ్చేటప్పుడు నా చిన్న కారుని ఓ ప్యాకర్స్ కంపెనీకి అప్పజెప్పాను. ఇంటర్నెట్లో ఫోన్ నంబరు ఇచ్చిన పావుగంటలో పదకొండు ఫోన్లొచ్చాయి. 22 వేల దగ్గర మొదలైన బేరం 12 వేలన్న ఆయన దగ్గర ఆగింది. ‘‘క్లోజ్డ్ కంటెయినర్ సార్, ఆరు రోజుల్లో మీ గుమ్మంలో ఉంటుంది’’ అన్నాడు. నాలో ఉన్న మధ్యతరగతి మనిషి పది వేలు మిగిలాయని సంబరపడ్డాడు.

ఎనిమిదో రోజున నాగపూర్ దగ్గర్నుంచి ఫోను. బోర్డర్ ట్యాక్స్ అట, 7 వేలు వేస్తే గానీ బండి కదలదట. లారీ మీద సరుకుగా పోతున్న కారుకి బోర్డర్ ట్యాక్సేమిటని అడిగితే ఫోన్ పెట్టేశాడు. కారు వాళ్ల చేతిలో ఉంది, కట్టక ఏం చేస్తాం? ఈలోగా ఫాస్టాగ్ మెసేజ్‌లు రావడం మొదలైంది. లారీ మీదున్న కారు అద్దానికి అంటించిన ట్యాగుని కూడా టోలుగేటు యంత్రం చదివేస్తుందిలే అని సరిపెట్టుకున్నాను.

పంతొమ్మిదో రోజున కారొచ్చింది. లారీ మీద కాదు, ఓ కుర్రాడు తోలుకుంటూ తెచ్చాడు. మీటరు నేను ఇచ్చిన నాటికంటే 214 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. ముందు బంపరుకి జానెడు గీత. వెనక సీటు మీద బీడీ కాలిన మచ్చ. డిక్కీలో జాకీ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ చివర్నుంచి మర్యాదగా ఒకే మాట: ‘‘రసీదు వెనక చదవండి సార్.’’ చదివాను. ఆవగింజంత అక్షరాల్లో ‘ఓనర్స్ రిస్క్’ అని ఉంది. దాని కిందే నా సంతకం.

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఇదీ: నేను అడిగిన ప్రశ్నే తప్పు. ‘ఎంత తీసుకుంటారు’ అని పదకొండు మందిని అడిగాను. ‘ఏమైనా అయితే ఎవరిది పూచీ’ అని ఒక్కర్నీ అడగలేదు.

బోర్డు ఒకరిది, బండి ఇంకొకరిది

పొడవాటి రెండంతస్తుల ట్రెయిలర్ల మీద కార్లు వరసగా పోతుండటం హైవే మీద చూస్తూనే ఉంటాం. వాటి అసలు పని ఫ్యాక్టరీల నుంచి షోరూములకి కొత్త కార్లు చేరవెయ్యడం. దింపాక ఖాళీగా వెనక్కి రావడం దండగ కాబట్టి తిరుగు ప్రయాణంలో మనలాంటి వాళ్ల కార్లు ఎక్కించుకుంటారు. లారీవాళ్ల భాషలో ‘రిటర్న్ లోడు’. రేటు తగ్గేది అందుకే, ఆలస్యమయ్యేదీ అందుకే. బండి నిండేదాకా కదలదు. అప్పటిదాకా మన కారు ఏదో ఊరి శివారు యార్డులో ఎండకి ఎండుతుంది. ఈ యార్డు నుంచి ఆ యార్డుకి దాన్ని తోలుకునే తీసుకెళ్తారు. మీటరు తిరిగేది అక్కడే.

ఫోన్లో తియ్యగా మాట్లాడే మనిషికి చాలాసార్లు సొంత లారీ ఉండదు. బుకింగ్ తీసుకుని, కమీషన్ ఉంచుకుని, పనిని ఇంకొకరికి ఇస్తాడు. ఆయన వేరొకరికి ఇస్తాడు. కారు ఎక్కే లారీ మీద మనం మాట్లాడుకున్న కంపెనీ పేరు ఉండనే ఉండదు. గీత పడిందంటే ‘లారీవాడు చేశాడు’ అని ఒకరు, ‘లోడు అలాగే వచ్చింది’ అని ఒకరు.

చట్టం మాత్రం ఈ మధ్యవాళ్లనీ వదల్లేదు. 1865 నాటి బ్రిటిషు కాలపు చట్టాన్ని పక్కనపెట్టి పార్లమెంటు 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం చేసింది. అది 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. రోడ్డు మీద సరుకు మోసే వ్యాపారం చేసేవాళ్లని ఆ చట్టం ‘కామన్ క్యారియర్’ అంటుంది. లారీ యజమానే కాదు, బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టరు, ఏజెంటు, బ్రోకరు కూడా ఆ మాట కిందికే వస్తారు. రవాణా శాఖ దగ్గర రిజిస్టరై సర్టిఫికెట్ పుచ్చుకున్నాకే వ్యాపారం చెయ్యాలి.

ఈసారి అంబాసిడర్ కోసం తొమ్మిది కంపెనీలకి ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్నగా ఇదే అడిగాను: ‘‘మీ కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబరెంత?’’ అయిదుగురు ‘అదేంటి సార్’ అన్నారు. ఒకాయన పాన్ కార్డు ఫొటో పంపించాడు. ముగ్గురు సర్టిఫికెట్ పంపించారు. తొమ్మిదిలోంచి మూడుకి దిగడానికి పూట పట్టలేదు.

ఆ ముగ్గురి జీఎస్టీ నంబర్లూ జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూశాను. సంస్థ అసలు పేరు, ఏ తేదీన రిజిస్టరైందీ అన్నీ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ‘ముప్పయ్యేళ్ల అనుభవం’ అన్న సంస్థ నిరుటి జులైలో పుట్టినట్టు తేలితే మీరే నిర్ణయించుకోవచ్చు. పేరున్న సంస్థల పేర్లలో ఒక అక్షరం మార్చి బోర్డు పెట్టేవాళ్లు ఈ రంగంలో కొల్లలు. అందుకే బోర్డు మీది పేరూ, బిల్లు మీది పేరూ, డబ్బు వెయ్యమన్న బ్యాంకు ఖాతా పేరూ మూడూ ఒకటేనా అని చూడాలి. ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి పంపమన్నారంటే అక్కడితో బేరం ముగిసినట్టే.

ఏ బండి మీద?

కారు పంపడానికి దారులు నాలుగైదున్నాయి. ఓపెన్ ట్రెయిలరు అన్నిటికంటే చవక. దుమ్ము, వాన, ముందుపోయే టిప్పర్ల చక్రాల కింద నుంచి ఎగిరే రాళ్లు, ఊళ్లలో కిందికి వేలాడే కొమ్మలూ కేబుల్ తీగలూ భరించాలి. రోజూ ఆఫీసుకి వాడుకునే కారుకి ఇది చాలు. పై అంతస్తు అడగడం మంచిది. పై కారు నుంచి కారే ఇంజినాయిలు కింది కారు బానెట్టు మీద పడుతుంది.

క్లోజ్డ్ కంటెయినరు ఇంకాస్త ఖరీదు. ఎండావానా తగలవు. కానీ తలుపు మూశాక లోపల ఎలా కట్టారో ఎవరికీ కనిపించదు, కాబట్టి మూసేముందు మనం అక్కడ ఉండాలి. ఒక్క కారే పట్టే చిన్న లారీ మాట్లాడుకుంటే మధ్యలో యార్డులు ఉండవు, ఎక్కించిన చోట తలుపు మూస్తే దింపే చోటే తీస్తారు. రేటు రెండు మూడింతలు. మనసుకి దగ్గరైన కారుకి నేను ఓటేసేది దీనికే.

‘‘మా డ్రైవరు తోలుకొచ్చి ఇస్తాడు, పెట్రోలు మీదే’’ అనే పద్ధతి ఇంకోటి ఉంది. అది రవాణా కాదు, కారు అరువివ్వడం. దారిలో ప్రమాదం జరిగితే బండి యజమానిగా కేసులో మీరూ ఉంటారు.

రైలు సంగతి కూడా చెప్పుకోవాలి. లారీలని సరుకుతో సహా రైలెక్కించే రో-రో సేవని కొంకణ్ రైల్వే 1999లో మొదలుపెట్టింది. 2025లో వినాయక చవితి వేళ మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణా దాకా సొంత కార్లకీ దాన్ని తెరిచింది. అప్పట్లో ఒక్కో కారుకి 7,875 రూపాయలు. మన దారులకి అలాంటిది వచ్చేదాకా లారీయే గతి.

పది రెట్ల లెక్క

ఇక ఈ కథ మొత్తానికీ ఆయువుపట్టు. ఈ లెక్క తెలియకే 2021లో నేను నోరు మూసుకోవాల్సి వచ్చింది.

కారు నాశనమైతే రవాణా సంస్థ ఎంత కట్టాలి? కారు ఖరీదంతా అనుకుంటాం. క్యారేజ్ బై రోడ్ నిబంధనల ప్రకారం మామూలుగా దాని బాధ్యత మనం కట్టే కిరాయికి పది రెట్లు మాత్రమే. 16 వేల కిరాయికి మీ 12 లక్షల కారుని ఎక్కించారనుకోండి. అది లోయలో పడ్డా సంస్థ బాధ్యత 1 లక్షా 60 వేల దగ్గర ఆగిపోతుంది. కిరాయి తగ్గించమని బేరమాడి 12 వేలకి తెస్తే, మీ కారు ‘విలువ’ని మీరే 1 లక్షా 20 వేలకి దింపినట్టు!

దీనికి చట్టంలోనే విరుగుడు ఉంది. సరుకు అప్పజెప్పేటప్పుడు మనం రాసిచ్చే కాగితాన్ని గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్ అంటారు. అందులో కారు విలువ ప్రకటించి, ఎక్కువ పూచీకి ఎక్కువ రేటు కడతామని ఒప్పుకుంటే ఆ పది రెట్ల పరిమితి మన మీద పడదు. ఆ కాగితం సంగతి చాలామంది బుకింగ్ క్లర్కులు ఎత్తరు. ఎత్తినా ‘‘విలువ యాభై వేలు రాసేద్దాం సార్, ఖర్చు తగ్గుతుంది’’ అంటారు. పది రెట్ల కిరాయి ఎంతయినా సరే, ప్రకటించిన విలువని మించి ఇవ్వక్కర్లేదని అదే నిబంధన చెబుతోంది. యాభై వేలు రాయించుకుంటే యాభై వేల దగ్గరే ఆగుతారు.

మనం ఇచ్చిన దానికి బదులుగా వాళ్లిచ్చేది గూడ్స్ రిసీట్. లారీ ఆఫీసుల్లో ఎల్.ఆర్. అంటారు. దాని వెనక ఓనర్స్ రిస్క్ అని అచ్చేసి ఉంటే కొట్టేయించి, క్యారియర్ రిస్క్ అని రాయించి, పక్కన వాళ్ల సంతకం తీసుకోండి. కుదరదన్నారా, ఇంకో ఆఫీసు మెట్లెక్కండి. నేను మాట్లాడిన ముగ్గురిలో ఇద్దరు ‘సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్’ అన్నారు. మూడో ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నాన్న కారు ఎవరి లారీ ఎక్కాలో ఆ పెన్నుతో తేలిపోయింది. మిగతా ఇద్దరికంటే ఆయన చెప్పిన కిరాయి 6 వేలు ఎక్కువ.

బీమా అంటే ఏ బీమా?

‘‘ఇన్సూరెన్స్ ఇన్‌క్లూడెడ్ సార్’’ అనే మాట నూటికి తొంభై కొటేషన్లలో ఉంటుంది. అందులో మూడు రకాలు కలిసిపోయి ఉంటాయి, విడదీసి చూడాలి.

మొదటిది మీ కారుకి ఇప్పటికే ఉన్న పాలసీ. సమగ్ర పాలసీ ఉంటే, సొంత నష్టం విభాగంలో దొంగతనం, అగ్నిప్రమాదం, వరదల పక్కనే ఇంకో మాట ఉంటుంది: రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, విమానం ద్వారా తరలించేటప్పుడు జరిగే నష్టం. అంటే లారీ మీద ఉన్నప్పుడూ మీ పాలసీ కాపుంటుంది. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టేవాళ్లకీ ఈ సంగతి తెలియదు. ఒకటే చిక్కు: క్లెయిము పెడితే, 20 నుంచి 50 శాతం దాకా పోగుపడ్డ నో క్లెయిమ్ బోనస్ పోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ రక్షణ లేదు. పాత కార్లకి ఎక్కువమంది ఉంచుకునేది అదే, మాదీ అంతే.

రెండోది ప్రయాణం కోసమే తీసుకునే ట్రాన్సిట్ పాలసీ. ఇందులో ఏ, బీ, సీ అని మూడు క్లాజులు. సీ అంటే మంటలకీ పిడుగుకీ మాత్రమే. బీ అయితే లారీ బోల్తాపడినా, దేన్నయినా గుద్దినా, వంతెన కూలినా వర్తిస్తుంది. గీతలూ సొట్టలూ అన్నీ కలిపి అన్ని రకాల నష్టాలకీ కావాలంటే ఏ క్లాజు అడగాలి. ‘ఇన్సూరెన్స్ ఉంది’ అన్న మాట సీ క్లాజుకీ సరిపోతుంది! బీమా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌లో మీ పేరు, కారు నంబరు, విలువ, క్లాజు కనిపించాలి. పాలసీ నంబరు పట్టుకుని ఆ బీమా సంస్థకి ఫోన్ చేస్తే అసలుదో నకిలీదో తేలుతుంది.

మూడోది బీమా వేషం కట్టిన వసూలు. కారు విలువలో రెండు మూడు శాతం ‘ఎఫ్‌వోవీ’ అని బిల్లులో వేస్తారు. అది రవాణా సంస్థ తన పూచీకి తాను తీసుకునే రుసుము. బీమా సంస్థకి అందులోంచి పైసా వెళ్లకపోవచ్చు. సర్టిఫికెట్ చూపించమంటే వాళ్ల బిల్లే మళ్లీ చూపిస్తారు.

అంబాసిడర్ విలువ ఎంత రాయాలన్నది ఇంకో తలనొప్పి. మోటారు పాలసీల్లో అయిదేళ్లు దాటిన కార్లకీ, తయారీ ఆగిపోయిన మోడళ్లకీ లెక్క కట్టే పట్టిక లేదు. యజమానీ బీమా సంస్థా మాట్లాడుకుని ఖరారు చేసుకోవడమే. ట్రాన్సిట్ పాలసీకీ అదే దారి పట్టాను. కారు ఫొటోలూ, మా మెకానిక్ రాసిచ్చిన అంచనా కాగితమూ పెట్టి 3 లక్షలకి ఏ క్లాజు పాలసీ తీసుకున్నాను.

బైపాస్ పక్కన నలభై నిమిషాలు

లారీ మా సందులోకి రాదు కాబట్టి కారుని బైపాస్ దాకా నేనే తీసుకెళ్లాను. వెళ్లగానే లారీ నంబరు ఫోన్లో ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టాను. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువులు దాటలేదు. ఎల్.ఆర్. మీదున్న నంబరూ ఎదురుగా ఉన్న నంబరూ ఒకటే. డ్రైవరు సూర్యాపేట వైపు మనిషి, యాభై దాటాయి. కారు చుట్టూ ఓసారి తిరిగి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించబోయి, నా మొహం చూసి ఆగాడు.

‘‘నాన్నగారిదా సార్?’’

‘‘ఎలా తెలిసింది?’’

‘‘సొంతది ఎక్కిచ్చెటోళ్లు ఫోన్ జూస్కుంట నిలవడ్తరు. నాన్నది ఎక్కిచ్చెటోళ్లు చక్రం పక్కకొస్తరు.’’

ర్యాంపు మీద పొడవాటి చెక్క బల్లలు అదనంగా వేశాడు, ఏటవాలు తగ్గి కింది భాగం రాసుకోకుండా. కారు స్టార్టు చేసి ఎక్కించలేదు. ముందున్న హుక్కుకి వించి తాడు తగిలించి అంగుళం అంగుళం లాగాడు. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా ఊత చెక్కలు పెట్టాడు. అసలు పని అక్కడ మొదలైంది. వెడల్పాటి నైలాన్ బెల్టులు తీసి, ఒక్కో టైరు మీదుగా వేసి, లారీ నేలకున్న కొక్కేలకి బిగించాడు. కారు కింద బాడీకి గొలుసు వేస్తారని విన్నాను, ఇదేమిటని అడిగాను.

‘‘బాడీకి కట్టి గుంజితే సార్, గుంటల పడ్డప్పుడల్ల కమాన్లు ఎగురుతయ్, గొలుసు గుంజుతది. కమాన్ కట్టలు పాడైతయ్. టైరుకి కడ్తే బండి దాని కమాన్ల మీద అదే ఊగుతది. హ్యాండ్‌బ్రేక్‌ని నమ్మకుర్రి, బెల్ట్‌ని నమ్మున్రి.’’

ఇరవై కిలోమీటర్లు పోయాక ఆగి బెల్టులు మళ్లీ బిగిస్తానన్నాడు; కొత్తగా కట్టినవి కాస్త సాగుతాయట. కంపెనీని ఎంచుకోవడం అంటే చివరికి ఈ మాట చెప్పగల మనిషి చేతికి తాళం ఇవ్వడమే. అందుకే బుక్ చేసే ముందు వాళ్ల యార్డుకి వెళ్లి వేరేవాళ్ల కారు ఎక్కించేటప్పుడు ఓ అరగంట నిలబడి చూడండి. గొలుసులు తుప్పు పట్టి ఉన్నాయా, బెల్టులు చిరిగి ఉన్నాయా, కారుని గేరులో గుంజి ఎక్కిస్తున్నారా? ఇంటర్నెట్లో వంద సమీక్షలు చెప్పలేని సంగతి ఆ అరగంట చెబుతుంది.

ఎక్కించే ముందు

• కారు కడిగించండి. దుమ్ము కింద పాత గీతలు దాక్కుంటాయి, కొత్తవి కలిసిపోతాయి.

• నాలుగు వైపులా, పైన, అద్దాలు, చక్రాలు, సీట్లు, డిక్కీ పగటి వెలుతురులో ఫొటోలు తియ్యండి. మీటరు అంకె ఫొటో తియ్యడమే కాదు, ఎల్.ఆర్. మీద రాయించండి. స్టెప్నీ, జాకీ, మ్యూజిక్ సిస్టమ్ కూడా అందులో చేర్పించండి.

• పావు ట్యాంకుకి మించి పెట్రోలు ఉంచకండి. పాత కారైతే బ్యాటరీ తీగ ఊడదియ్యండి.

• ఫాస్టాగ్‌ని తీసెయ్యండి, లేదా వంటింటి అల్యూమినియం కాగితం చుట్టండి.

• డిక్కీలో బట్టలూ సామాన్లూ పెట్టకండి. పోతే మామూలుగా పాలసీ వర్తించదు.

• ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ల నకళ్లే ఇవ్వండి. తాళం ఒక్కటే ఇచ్చి, రెండోది దగ్గరుంచుకోండి.

• బుకింగ్‌కి కొంత అడ్వాన్సు, మిగతాది కారు చూసుకున్నాకే. ‘పూర్తి డబ్బు ముందే’ అన్నవాడితో పని పెట్టుకోకండి.

యాభయ్యేళ్లు దాటిన కార్లకి

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలం నాటి 1912 రోల్స్ రాయిస్‌ని చూసినప్పుడు ఇది రోడ్డెక్కితే ఎలా ఉంటుందో అనిపిస్తుంది. వింటేజ్ వాహనాలకి కేంద్రం 2021 జులైలో వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభయ్యేళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని కార్లకీ ద్విచక్ర వాహనాలకీ ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20 వేలు. ఆ నంబరున్న బండిని రోజువారీ అవసరాలకి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి పనులకే. అంటే ఇలాంటి కారున్నవాళ్లకి మంచి లారీ కంపెనీ కూడా ఒక స్పేరు పార్టే. ఒక్క కారు పట్టే మూసిన లారీ, కదలని కారునైనా లాగగల వించి, ఏ క్లాజు బీమా... ఈ మూడింటిలో ఏది తగ్గినా కారు కదపొద్దు.

దిగాక సంతకం

కారు దిగగానే డ్రైవరు కాగితం చాపుతాడు. ‘సరుకు మంచి స్థితిలో అందినది’ అని దాని మీద ఉంటుంది. రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో ఆ సంతకం పెట్టకండి. తెల్లారేదాకా ఆగండి, లేదా వీధిదీపం కిందికి తీసుకెళ్లి ఫొటోలతో పోల్చి చూడండి. ఏ గీత కనిపించినా ఆ కాగితం మీదే రాసి, ఆ పైన సంతకం చెయ్యండి. ‘మాకే అభ్యంతరమూ లేదు’ అని అస్సలు రాసివ్వకండి. బీమా సంస్థ మీకు డబ్బిచ్చాక, దాన్ని రవాణా సంస్థ దగ్గర రాబట్టుకునే హక్కు దానికి ఉంటుంది. మీరు ముందే వాళ్లని వదిలేస్తే మీ క్లెయిముకే ముప్పు.

నష్టం జరిగితే ఫోన్లో పోట్లాడి ఊరుకోవద్దు. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అదివ్వకుండా రవాణా సంస్థ మీద దావా వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. ‘రేపు చూస్తాం సార్’ అని ఆరు నెలలు సాగదీసేవాళ్లకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. ‘గురుగ్రామ్ కోర్టు పరిధి’ అని రసీదు మీద అచ్చేశారని కంగారుపడక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండేళ్ల గడువు ఉంది. కట్టిన కిరాయి 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సలహాకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. డబ్బు లాక్కుని ఫోన్ కట్టేసిన దొంగ కంపెనీ అయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యండి.

ఇంకో మాట. కారు వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉండబోతుంటే పాత ఆర్‌టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తీసుకుని, అక్కడ కొత్త నంబరు వేయించుకోవాలి. ఎన్‌వోసీ పని కారు లారీ ఎక్కకముందే చేసుకుంటే ఒక ప్రయాణం తప్పుతుంది.

నాలుగో రోజు సాయంత్రం అన్నయ్య వీడియో కాల్ చేశాడు. వెనక నుంచి వదిన, ‘‘లోపలింకా మావయ్యగారి పొడుం డబ్బీ వాసన వస్తోంది’’ అంటోంది. నేను ముందు మీటరు చూపించమన్నాను. 87,412. ఎల్.ఆర్. తీసి చూశాను. రాజమండ్రి బైపాస్ పక్కన బాల్‌పెన్నుతో రాయించిన అంకె కూడా 87,412.

మీ కారు లారీ ఎక్కే రోజున మీరూ ఆ అంకె రాయించుకోండి. రాయనన్నవాడికి తాళం ఇవ్వకండి.